అడగకుండా రాసిన జవాబు

ఎల్లారెడ్డిలో నేను కొలువు చేసిన దవాఖానకు నా కుర్చీ నేనే తీసుకుపోయాను. అక్కడ మున్షీ కోసం ఒక ముక్కాలిపీట ఉండేది. పీట మీద కూర్చుని నలుగురి జవాబులు రాసుకోవడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంటి నుంచి టేకు కుర్చీ ఒకటి ఎడ్లబండిలో వేయించుకుని వచ్చాను. దాని వెన్ను నిటారుగా ఉండేది. ఎక్కువసేపు ఆనుకుంటే ఎముకలు నొచ్చేవి. మా తాత ఆ కుర్చీలో కూర్చుని ఊరి తగవులు తీర్చాడు. నేను అదే కుర్చీలో కూర్చుని వయసెంత, ఊరేది, ఎన్నాళ్ల నుంచి నొప్పి అని అడిగాను.

మా ఊరు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ, రోడ్డు నుంచి రెండు మైళ్లు లోపలికి ఉంటుంది. దొరల ఇల్లు కాబట్టి మా ఇంటిని గడి అనేవారు. నాకు ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఆ గడిలో గోడలు, మా అన్న, వదిన, నేను, పెరట్లో జొన్నల పాతర మిగిలాం. భూములు ఎట్లా పోయాయో చెప్పే ఉద్దేశం నాకు లేదు. పోయాయి. మా నాన్న, బాపు, అంతకు ముందే పోయాడు. కడుపు కుండలా ఉబ్బి, కళ్లు పచ్చబడి, చేతులు పుల్లలయి పోయాడు. ఎవరో చేతబడి చేశారని ఇంట్లో అనుకున్నాం. అట్లా అనుకోవడంలో ఇంటి గౌరవానికి లోటేమీ కనబడలేదు.

ఆ దవాఖాన సర్కారు కొలువు నుంచి దిగిపోయిన ఒక డాక్టరు సొంతంగా పెట్టుకున్నది. పన్నెండు మంచాలు, ఒక వరండా, మందులు కలిపే గది. ఆయన హైదరాబాదు మనిషి. తెలుగు వచ్చు కానీ పల్లెవాళ్లు గబగబా మాట్లాడితే అందుకోలేకపోయేవాడు. నాకు ఉర్దూ రాత బాగా వచ్చు కాబట్టి నన్ను పెట్టుకున్నాడు. అందరి పేర్లూ రాసే పెద్ద రిజిస్టరు కాక, ఆయనకు ఇంకొక నోటు పుస్తకం ఉండేది. కుడి పక్కటెముకల కింద కాలేయం గట్టిపడినవాళ్లు, అక్కడ రాయిలా గడ్డ తగిలినవాళ్లు మాత్రమే అందులోకి ఎక్కేవారు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేజీ నిండా గీతలు గీసి ఖానాలు చేశాడు. ఏం పని చేస్తారు, ఇదివరకు కామెర్లు వచ్చాయా, ఏం తింటారు, తాగుతారా.

"ఇంత చిన్న తాలూకాల ఇంతమందికి ఈ గడ్డ ఎందుకొస్తున్నది మున్షీజీ?" అని మొదటి రోజే అన్నాడు. "ఎవరెవరికి వస్తున్నదో సాఫ్‌గ రాస్తే, ఎందుకొస్తున్నదో అదే చెప్తది. అడిగేది మీరు. నేను మీ రాత మీద ఆధారపడ్డ."

ఆ మాట నాకు నచ్చింది. ఒక చదువుకున్న మనిషి నా మీద ఆధారపడి చాలా ఏళ్లయింది.

నేను ఎట్లా రాసేవాణ్నో దాచకుండా చెప్పాలి. పెద్ద ఇళ్ల నుంచి ఎవరైనా వస్తే, తలపాగా, పైన కండువా, వెంట ఒక మనిషి ఉంటే, వాళ్లను తాగుతారా అని నేను అడిగేవాణ్ని కాదు. అది అడిగే మాట కాదు. మా ఇంట్లో ఎవరైనా బాపును ఆ మాట అడిగి ఉంటే మెట్లు దిగేదాకా ఉండనిచ్చేవాళ్లు కాదు. ఆ ఖానాలో 'లేదు' అని రాసేవాణ్ని. కూలికి పోయేవాళ్లు వస్తే కూడా అడిగేవాణ్ని కాదు. కల్లు తాగని కూలివాడు ఉంటాడని నాకు తోచలేదు. 'ఉంది' అని రాసేవాణ్ని. రెండు చోట్లా అడగలేదు. ఒకచోట మర్యాద అనుకున్నాను, రెండోచోట ఎరుక అనుకున్నాను.

ఏడాది గడిచాక డాక్టరు పేజీలు తిప్పుతూ అన్నాడు, "చూడండి. ఇది తాగుడు రోగం. గరీబు రోగం. మీ రాత ఎంత సాఫ్‌గ చెప్తున్నదో." నేను కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక ఏడు వానలకు ముందు, మా అన్న దవాఖానకు వచ్చాడు. కాళ్లు వాచాయి. కళ్ల తెల్లగుడ్డు పచ్చగా ఉంది. పొట్ట మీద షేర్వానీ గుండీలు పట్టడం లేదు. వరండా నిండా జనం ఉన్నారు. అన్న ఎవరి వైపూ చూడకుండా నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను లేచి నా కుర్చీ ఇచ్చి, నిలబడే ఆయన పేజీ రాశాను. ఇదివరకు కామెర్లు రాలేదు. తాగుడు, లేదు.

అన్న పదిహేనేళ్లుగా ఇప్పసారా తాగుతున్నాడు. తలుపులు వేసుకుని తాగేవాడు. తలుపులు వేసి ఉన్నాయి కాబట్టి మేం దాన్ని తాగుడు అనేవాళ్లం కాదు.

డాక్టరు అన్నను పడుకోబెట్టి చాలాసేపు నొక్కి చూశాడు. తర్వాత నన్ను మందుల గదిలోకి పిలిచాడు.

"తాగుడు లేదు, పాత పసిరికలు లేవు," అన్నాడు నా రాత చూస్తూ. కామెర్లను మా వైపు పసిరికలు అంటారు. "అయినా కాలేయం ఇంత పెరిగింది. మనిషి చిక్కిండు. లోపల సర్తాన్, కాన్సరు, పుట్టింది అనుకోవాలె. దానికి నా దగ్గర మందు లేదు మున్షీజీ. వచ్చే పంట చూస్తడో లేదో. ఇంట్ల తయారుగ ఉండండి."

అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదని చాలాసార్లు అనుకున్నాను. సిగ్గు ఒకటి. ఇంకొకటి, డాక్టరు చేత్తో నొక్కి చూసి చెప్పాడనుకున్నాను. కడుపు మీద పెట్టిన చేతికి నిజం తెలుస్తుందనీ, పుస్తకం వట్టి కాగితమేననీ అనుకున్నాను. నేను రాసిన ఒక్క ముక్కను బట్టే ఆ చెయ్యి అంత దూరం పోయిందని నాకు తెలియలేదు. ఇంటికి పోయి వదినకు చెప్పాను. అన్నకు చెప్పలేదు. ఆయన మా ముఖాలు చూసి గ్రహించాడు. ఇక దాపరికం ఎందుకని పొద్దున్నే తాగడం మొదలుపెట్టాడు.

ఇది జరిగిన పది పన్నెండు రోజులకు ఒక ముసలామె వచ్చింది. మహమ్మద్‌నగర్‌లో ఉన్న కూతురు బండిలో తీసుకొచ్చింది. ఆమెను నేను గుర్తుపట్టాను. నేను పుట్టినప్పటి నుంచి మా గడిలో పనిచేసింది. మా ఇల్లు చితికిపోయి పనివాళ్లను మాన్పించినప్పుడు వెళ్లిపోయింది. కుడి పక్కన పిడికిలంత గడ్డ బయటికే కనబడుతోంది. నేను వయసు అడిగాను, ఊరు రాశాను. తాగుడు ఖానాలో 'ఉంది, కల్లు' అని రాసి లోపలికి పంపాను.

కాసేపటికి ఆమె గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"నా పేరు కింద ఏం రాసినవ్ చిన్నదొరా?"

"ఏం రాస్తే నీకెందుకే? పోయి కూసో."

"డాక్టర్‌సాబ్ నన్ను కల్లు బంద్ చెయ్యిమంటుండు. ఎవలు చెప్పిండ్రు సాబ్ అంటే నీ దిక్కు చూపెట్టిండు."

"అందరు తాగేదే గదా."

"అందరు తాగుతరు. నేను తాగుతనా అని అడిగినవా?"

ఆమె కొంగు పక్కకు జరిపింది. మెడలో తులసిమాల ఉంది. పూసలు అరిగి నల్లబడి, దారం రెండుచోట్ల ముడేసి ఉంది.

"పన్నెండేండ్లాయె గీ మాలేసుకొని. డోంగ్లి దిక్కున్న మా తల్లిగారి ఊరోళ్లందరం పండరి విఠలుని కాడికి పోతం. మాలేసుకున్నోళ్లు నీసు ముట్టరు, కల్లు ముట్టరు. అంతకుముందు సుత నేను ముట్టలే. గింత మెడ మీద ఉన్నది కనబడకపాయె నీకు."

వరండాలో ఎవరో అన్నారు, "మున్షీసాబ్ చీర చినిగిందా లేదా అంతే చూస్తడవ్వా, మెడ దాంక చూపు రాదు." నలుగురు నవ్వారు. బీడీ చుట్టుకుంటున్న ఇంకొకడు, "నన్ను సుత అడగలేదు. నాకేం రాసిండో ఏందో," అన్నాడు. "నువ్వు తాగుతవ్ గదరా?" "తాగుత. అయినా అడగాలె గద."

నాకు చెవులు వేడెక్కాయి. ఆమెను కసురుదామనుకున్నాను. ఆమె బల్ల మీద చేతులు ఆనించి గొంతు తగ్గించింది. ఆ తగ్గించడం నా గౌరవం కోసమే.

"మీ బాపు తాగిండు. సీసలు కడిగింది నేనే. అది రాసినవా ఏడనన్న? పెద్దదొర తాగుతుండు. ఊరంత ఎర్కే. ఆయన మొన్న వచ్చిండట, ఏం రాసినవ్?"

నేను పుస్తకం మూశాను.

"రాయాలనుంటే ఒక ముచ్చట రాయి," అంది. "నేను తిన్నది మీ పాతర గింజలు. నల్లగయి, చేదెక్కి, బూజు వాసన కొట్టేటియి. ఇరవయ్యేండ్లు అవ్వే తిన్న. కడుపుల పోయింది గదే. రాస్తవయితే గది రాయి."

పాతర అంటే పెరట్లో తవ్విన లోతైన గుంత. గోడలకు గడ్డి పరిచి జొన్నలు నింపి పైన మట్టితో మూస్తారు. వానాకాలంలో గోడల పక్కనున్న గింజలకు చెమ్మ ఎక్కి నల్లబడతాయి. తీసినప్పుడు నడిమి గింజలు ఇంటికి, గోడల పక్క గింజలు జీతగాండ్లకు. మా తాతల నాటి నుంచి అదే పద్ధతి. ఎవరూ దాన్ని చెడ్డ పద్ధతి అనుకోలేదు. పనివాళ్లు లేకుండా పోయాక గోడల పక్క గింజలు మేమే తిన్నాం. మా పళ్లెంలోకి వచ్చినప్పుడు ఆ చేదు నాకూ తెలిసింది.

ఆమె పోయి మంచం మీద పడుకుంది. నేను పుస్తకం తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్లి, తలుపు వేసి, నిలబడే చెప్పాను. ఏడాదంతా ఎట్లా రాశానో చెప్పాను. చివర మా అన్న పేజీ తీసి, ఇది అబద్ధమని చెప్పాను.

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ అన్నకు నా చేతికి గడ్డ తగలలేదు," అన్నాడు. "కాలేయం పెద్దగుంది, అంతే. తాగని మనిషికి ఇట్ల పెరిగితే నేనేమనుకోవాలె? లోపల గడ్డ ఉందనుకున్న. తాగుడు వల్ల పెరిగిందయితే అది వేరే ముచ్చట. దానికి తొవ్వ ఉంటది. ఒక బతికున్న మనిషిని మీ మాట మీద నేను చంపేసిన మున్షీజీ."

తర్వాత, "ఎంత తాగుతడు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన సంచి తీసుకుని లేచాడు.

పెట్రోలు కరువుతో అప్పుడు బొగ్గుతో నడిచే బస్సు ఉండేది. కామారెడ్డి వైపు పోయే ఆ బస్సులో కూర్చుని, రోడ్డు మీద దిగి, రెండు మైళ్లు నడిచి మధ్యాహ్నానికి మా ఇల్లు చేరాం. ఆ వయసులో ఆయన ఎండలో నడిచాడు. నేను బండి పిలిపిస్తానన్నా ఆగలేదు.

అన్న ఆయన్ను చూసి మంచం మీద లేచి కూర్చున్నాడు. నోటి నుంచి సారా వాసన వస్తోంది. డాక్టరు ఏమీ అనకుండా మళ్లీ కడుపు నొక్కి చూశాడు. తలుపు చాటు నుంచి మా వదిన మాట్లాడింది. పరాయి మగవాళ్ల ముందు ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు.

"రోజుకు ఒక సీస డాక్టర్‌సాబ్. మొన్నటి సంది రెండు. పాతర పక్కన గడ్డి కింద పెడ్తరు."

"ఇంటి ముచ్చట బైటికి చెప్తవా?" అన్నాడు అన్న.

"మీరు పోయినంక చెప్తె ఎవలికి అక్కరకొస్తది?"

అన్న డాక్టరు వైపు తిరిగాడు. "బతుకుతనా?"

"ఒట్టు పెట్టలేను. ఇయ్యాల్నే మానితే తొవ్వ ఉన్నది. రేపటి సంది మానుతనంటే లేదు."

సీసాల కోసం పోయినప్పుడు డాక్టరు పాతర చూశాడు. ఒక గుప్పెడు గింజలు తీసి వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. "ఇవి మనుషులు తింటరా?" "జీతగాండ్లు తినేది. ఇప్పుడు మేం తింటున్నం," అన్నాను. ఆయన ఆ గింజలు చేతిరుమాలులో మూటగట్టుకున్నాడు.

మర్నాడు అన్నను బండిలో దవాఖానకు తెచ్చాం. తాగుడు ఒక్కసారి మానితే ఒళ్లు అదురుతుందనీ, కళ్ల ముందు ఉండాలనీ డాక్టరు అన్నాడు. మంచం ఇవ్వాలంటే పేజీ మళ్లీ రాయాలి. డాక్టరు లోపల రాసుకుందామన్నాడు. నేను వద్దన్నాను. అందరూ వచ్చినట్టే అన్న బల్ల ముందుకు వచ్చాడు. ఆ రోజు ఆయనకు కుర్చీ ఇవ్వలేదు. లేస్తే మళ్లీ అడగలేనని భయం. వరండా అంతా చూస్తోంది. ముసలామె తన మంచం మీద మోచేతి మీద లేచి చూస్తోంది.

పేరు, ఊరు, వయసు అడిగాను. తర్వాత, "అన్నా, తాగుతవా?" అన్నాను.

అన్న నన్ను చూశాడు. నా బతుకులో నేను ఆయన్ను నిలదీసిన మాట అదొక్కటే.

"తాగిన," అన్నాడు. "పదిహేనేండ్లు తాగిన. నిన్నటి దాంక తాగిన. రాయి."

నేను రాశాను. వరండాలో ఎవరూ నవ్వలేదు. బీడీ మనిషి కొంచెం జరిగి, "కూసో దొరా, ఇక్కడ జాగున్నది," అన్నాడు. అన్న పోయి వరండాలోని పొడుగు బెంచీ మీద, అతని పక్కన కూర్చున్నాడు.

మూడు వారాలు అన్న అక్కడే ఉన్నాడు. మొదటి వారం పళ్లు కరుచుకుని వణికాడు. వదిన గంజి పట్టుకుని బస్సులో వచ్చేది. నేను సెలవు రోజుల్లో పాత పేజీలు పట్టుకుని ఊళ్లు తిరిగాను. నేను అడగకుండా రాసిన ప్రతి ఇంటికీ పోయి అడిగాను. బీబీపేట దగ్గర ఒక పెద్ద ఇంట్లో ఆ ఇంటి పెద్దాయన ఊయల బల్ల ఆపి, "ఎవలింటి పిల్లగానివి నువ్వు? గిది అడగనీకి అంత దూరం నుంచి వచ్చినవా?" అన్నాడు. "గడి పిల్లగాన్నే. మా అన్నను సుత అడిగిన," అన్నాను. ఆయన కాసేపు చూసి, నీళ్లు ఇప్పించి, ఎంత తాగుతాడో చెప్పాడు. కొన్ని ఇళ్లలో అడగడానికి మనిషి మిగల్లేదు. వాళ్ల భార్యలు చెప్పారు.

పుస్తకం మారిపోయింది. పెద్ద ఇళ్లలో సగం 'లేదు'లు 'ఉంది' అయ్యాయి. కూలివాళ్లలో తాగనివాళ్లు బయటపడ్డారు. గడ్డ ఉండి తాగని కొందరికి ఎన్నో ఏళ్ల కింద కామెర్లు వచ్చి, ఆ రోగానికి మందని మణికట్టు మీద కాల్పించుకున్న మచ్చలు ఉన్నాయి. ఇంకొందరు ముసలామెలాగే గోడల పక్క గింజలు తిన్నవాళ్లు. డాక్టరు గింజల కోసం కొత్త ఖానా గీశాడు. "గింజల వల్లనా సాబ్?" అని అడిగితే, "నాకు తెల్వదు. తెల్వదని రాసి పెడదాం. ఎవరికన్నా తెలుస్తది," అన్నాడు. బూజు పట్టిన గింజలు కాలేయానికి చేటని పెద్ద డాక్టర్లు చెబుతున్నట్టు చాలా ఏళ్ల తర్వాత నేను విన్నాను. అప్పటికి ఆయన లేడు. ఆ గీత గీసిన చెయ్యి మాత్రం నాకు గుర్తుంది.

దసరా దాటాక అన్నను మళ్లీ చూపించాం. కాళ్ల వాపు పోయింది, కళ్లు తెల్లబడ్డాయి. డాక్టరు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి వెతికి, నా చెయ్యి లాగి అక్కడ పెట్టాడు. "దొరుకుతున్నదా?" నాకేమీ దొరకలేదు. "ఔ. కాలేయం లోపలికి పోయింది. అది అక్కడనే ఉండాలె," అన్నాడు. నేను ఆయనకు ధన్యవాదం చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో ఇచ్చేవాళ్లుగా పెంచారు. తీసుకున్నప్పుడు ఏమనాలో నేర్పలేదు. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆయనకు అర్థమైంది.

గుమ్మం దిగుతూ అన్న, "అవ్వకు చెప్పాలె," అన్నాడు.

ముసలామె అప్పటికే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. దవాఖానలో ఆమెకు చేయగలిగింది లేదు. మహమ్మద్‌నగర్ పోయాం. కూతురి గుడిసెకు తలుపు చాలా కింద ఉంది. మా అన్న ఆరడుగుల మనిషి. నడుం వంచి లోపలికి పోయాడు. వెనక నేను వంగాను.

"పెద్దదొరనా? తల పైలం, వాసం తాకుతది," అంది ఆమె చాప మీద నుంచి. గొంతు సన్నగా ఉంది కానీ మాటలో పదును పోలేదు. "కండ్లు తెల్లగయినయి. ఇగ దొరసాని నిద్రపోతది."

అన్న ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. "పాతర పూడిపిచ్చిన అవ్వా," అన్నాడు. "మన్ను నింపిన. మంచి జొన్నలు కొనుక్కొని తింటున్నం." వెంట తెచ్చిన కొత్త జొన్నల సంచి కూతురి ముందు పెట్టాడు. ముసలామె చాప మీద నుంచే సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు తీసి, వాసన చూసి, తల ఊపింది.

తర్వాత నా వైపు చూసింది. "నాది ఏం రాసినవ్? సదువు."

నోటు పుస్తకం నా సంచిలోనే ఉంది. పేజీ తీసి, ఉర్దూలో రాసింది ఆమెకు తెలుగులో చెప్పాను. "తాగదు. మాల వేసుకున్నది. పసిరికలు రాలేదు. ఇరవై ఏండ్లు మా గడి పాతరల గోడ పక్క గింజలు తిన్నది."

"మా గడి అనే రాసినవా?"

"మా గడి అనే రాసిన అవ్వా."

ఆమె కళ్లు మూసుకుంది. "సరే. గది నిజం," అంది.

సంక్రాంతి దాకా ఆమె ఉండలేదు. మా అన్న ఇంకో ఇరవై రెండేళ్లు బతికాడు, మళ్లీ సీసా ముట్టలేదు. నేను దవాఖానలో ఉన్నన్నాళ్లూ, ఎవరు వచ్చినా, తలపాగా ఉన్నా లేకపోయినా, ముందు మెడ చూసేవాణ్ని. తర్వాత అడిగేవాణ్ని.